నలభై ఒక్క మార్కులు

"నలభై ఒకటేనా?"

కౌంటరు అవతల నిలబడ్డ పెద్దమనిషి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అరవై దాటితేనే కంప్యూటరు ముందుకు పంపుతుంది సార్," అంది కౌంటరులోని అమ్మాయి.

కంపెనీలకు మనుషుల్ని కుదిర్చిపెట్టే ఆఫీసు అది. దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటరే చదివి మార్కులు వేస్తుంది. పక్షపాతం రాకూడదని పేరుకీ, పాత కంపెనీకీ ముసుగు వేస్తుంది. ఫైలు మూసేశాకే ఆ ముసుగు తీస్తుంది.

ఆమెకు తెర మీద కనిపించినవి రెండే ముక్కలు. పదిహేనేళ్ల అనుభవం. ఆ తర్వాత మూడేళ్లు ఖాళీ.

"ఆ ఖాళీయే మీ కొంప ముంచింది సార్. ఉద్యోగం ఎందుకు మానేశారు?"

"మానేయాల్సి వచ్చిందమ్మా."

"ఆ మాటకు మార్కులు రావు సార్."

ఆయన నవ్వాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒక్కరే అయిపోయినట్టున్నారే!"

ఆమెకూ నవ్వొచ్చింది.

"గోడౌన్లో హాజరు రాసే పనే కదమ్మా. ఇన్నాళ్లూ మా ఆవిడ కుట్టుమిషను మీద ఇల్లు నడిచింది. ఇప్పుడు తనకు చూపు ఆనడం లేదు. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను."

గొంతు తగ్గించి అడిగాడు.

"కంప్యూటరు కాదన్నా మీరు పంపే దారి ఏదీ లేదా?"

ఉంది. నెలకు ఒక్కరిని, కంప్యూటరు వద్దన్నా, తన పూచీ మీద పంపొచ్చు. ఆ మనిషి అక్కడ నిలవకపోతే తప్పంతా పంపినవాళ్లదే. పక్క సీటులో ఉండే అక్క పోయిన నెల అలాగే ఉద్యోగం పోగొట్టుకుంది.

"నా ఉద్యోగం మీదికొస్తుంది సార్. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

ఆయన వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయితే వద్దు తల్లీ. నా గురించి నువ్వు ఇరుక్కోవద్దు. మూసెయ్, ఏం ఫర్వాలేదు."

మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె మీట నొక్కింది. ఒకసారి మూసిన ఫైలు ఏడాది దాకా తెరుచుకోదు.

ముసుగు తొలగింది.

పాత కంపెనీ అన్నచోట తమ ఆఫీసు పేరే ఉంది. రెండో బ్రాంచి. కింద మూడేళ్లనాటి రాజీనామా ఉత్తరం.

చదివి, కుర్చీ వెనక్కి తోసి, కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

కింద ఆయన ఇంకా బస్సు కోసం నిలబడే ఉన్నాడు.

పిలవబోయింది. పిలిచి ఏం చెప్పాలి? ఆయన ఉత్తరంలోని మాటలే కళ్ల ముందున్నాయి.

'కంప్యూటరు వచ్చింది కనుక రెండు బ్రాంచీల్లో ఒకరిని తగ్గించాలన్నారు. నేను వెళ్తాను. మొదటి బ్రాంచిలో కొత్తగా చేరిన అమ్మాయి మీదే వాళ్ల ఇల్లంతా ఆధారపడిందట. ఆమెను తీసేయకండి.'

ఆ ఏడాది ఇక్కడ కొత్తగా చేరింది తనొక్కతే.