తువ్వాలు కింది బేరం

"నా కొట్లో కూర్చుని జూదమాడతావురా?"

అంకమ్మరావు అరుపుకి మిర్చి టిక్కీ బస్తాలు దింపుతున్న హమాలీలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గుమాస్తా ప్రేమ్‌చంద్ ఫోను అప్పటికే యజమాని చేతిలోకి వెళ్ళిపోయింది. పట్టించింది యజమాని భార్య కోటిరత్నం. క్యారియరు ఇవ్వడానికి వచ్చి, వెనకనుంచి తొంగిచూసింది.

"జూదం కాదండీ. క్రికెట్ మ్యాచ్‌కి ముందు డబ్బు కట్టి పదకొండు మందిని ఏరుకోవడం. దానికి తెలివుండాలి."

"తెలివున్నోడివి నా దగ్గరెందుకున్నావురా?"

హమాలీలు నవ్వారు. మిరపకాయ తుంచి వాసన చూస్తున్న రైతు యలమంద కూడా నవ్వబోయి తుమ్మాడు.

"ఏరా, మన రాష్ట్రంలో అది నిషేధమంటగా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"ఫోన్లో నేను గోవాలో ఉన్నట్టు చూపిద్ది బాబాయ్."

"ఓరి నీ! ఒళ్ళు గుంటూరు యార్డులో, ఫోను గోవాలోనా? ఘాటు మాకు, గాలి నీకు!"

ధర పెరుగుద్దని కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచి కూర్చుంటున్నారే, మరి అది జూదం కాదాండీ అని యజమానిని అడగాలనే మాట ప్రేమ్‌చంద్ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఈ ఉద్యోగం పోతే వచ్చే నెల పెళ్ళి పోతుంది. లక్ష్మీదుర్గ వాళ్ళ నాన్న పిల్లనిస్తానన్నది అతనికి కాదు, ఈ కొట్టు గుమాస్తాకి.

అంకమ్మరావు కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, ఫోను దూరంగా పట్టుకుని ఒక్కో పేరూ చదివాడు. ఒకచోట ఆగాడు. మొహం చిట్లించాడు.

"కీపర్ని కెప్టెన్ చేశాడు, దరిద్రుడు!"

"కెప్టెనెవడైతే మీకెందుకండీ?" అంది కోటిరత్నం. "ముందు వీడి లెక్క తేల్చి పంపెయ్యండి. ఇట్టాంటోడు కొట్లో ఉంటే రేపు మీకూ అంటుకుంటది."

"నాకా? అంటుకుంటదా?" అంకమ్మరావు గుండెమీద చెయ్యేసుకున్నాడు. ఆ మాట అతన్ని నిజంగానే ఎక్కడో పొడిచినట్టుంది. "ఇట్రారా! చెయ్యివ్వు. నీ బాకీ ఇప్పుడే తేలుస్తా."

భుజంమీది తువ్వాలు తీసి ఇద్దరి చేతులమీదా కప్పాడు. యార్డులో కంప్యూటర్ వేలం వచ్చినా అతనికి ఆ పాత అలవాటు పోలేదు. ఏ ధరైనా పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళతోనే చెబుతాడు.

ప్రేమ్‌చంద్ చెయ్యిచ్చాడు. మనసులో కట్టుకున్న పెళ్ళి మండపం కళ్ళముందే ఒరిగిపోతోంది.

తువ్వాలు పైన అంకమ్మరావు నోరు గుమాస్తా వంశాన్నంతా వరసపెట్టి తిడుతూనే ఉంది. కింద చెయ్యి మాత్రం, ఆ తిట్టే మనిషిది కానట్టు, మెత్తగా ఉంది. చెమట పట్టి ఉంది. అది ప్రేమ్‌చంద్ మూడు వేళ్ళు పట్టుకుంది. వదిలింది. మళ్ళీ ఆ మూడే పట్టుకుని, ఏదో అడుగుతున్నట్టు కదిపింది.

మూడు వేలా? మూడు నెలల జీతమా? ప్రేమ్‌చంద్ తెల్లమొహం వేశాడు.

"సిగ్గులేని వెధవా!" అని యార్డంతా వినపడేలా ఒక్క కేకేసి, అంకమ్మరావు తువ్వాలు సర్దుతున్నట్టు అతని చెవిదాకా వంగాడు.

"నా టీములో నేను మూడో నంబర్లో ఆడేవోణ్ణి కెప్టెన్ చేశాన్రా. టాస్ వేసేత్తన్నారు, మార్చమంటావా?"