మూడో ఫిర్యాదు

“మేడ తాళంచెవి ఇలా ఇవ్వు మొలెఫీ. మూడో ఫిర్యాదు వచ్చింది,” అన్నాడు భవనం మేనేజరు హుస్సామ్. “మూడు వస్తే మేడ బంద్. రూలు నాది కాదు, యజమానిది.”

మాంసం బేసిన్‌తో మెట్లెక్కబోతున్న మొలెఫి అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు సెప్టెంబరు ఇరవై నాలుగు, శుక్రవారం. దక్షిణాఫ్రికాలో ఇవాళ పండగ. నిప్పు రాజేసి మాంసం కాల్చని ఇల్లుండదు. ఇంకో గంటలో షార్జాలోని తన దేశంవాళ్ళు ఇరవై మంది ఈ మెట్లెక్కుతారు.

“ఏమని ఫిర్యాదు?”

“‘మేడ మీద మాంసం కాల్చడం గురించి’ అని ఆఫీసులో రాసుకున్నారు. ఇంటి నెంబరు, విషయం. అంతకన్న వాళ్ళు రాయరు.”

మొలెఫి బేసిన్ మెట్టు మీద పెట్టాడు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో టైర్లు అమ్ముతున్నాడు. సరుకు వెనక్కి తెచ్చినవాడి నడక చూసి, లోపం టైరుదో మనిషిదో చెప్పగలడు. ఈ ఫిర్యాదు మాత్రం ఎటు నుంచి కూడినా అతనికి లెక్క తేలలేదు.

“ఆగు హుస్సామ్. నేను చెప్పేది విను. రెండేళ్ళు తుమ్మకట్టెలతో కాల్చాను. మా వైపు కట్టెలు, ఓడలో వచ్చినవి. పొగ కింది అంతస్తుల దాకా దిగేది. అప్పుడు ఒక్కరైనా నోరు మెదిపారా?”

“లేదు.”

“ఇళ్ళల్లో పసిపిల్లలున్నారు, ఆరేసిన బట్టలున్నాయి అని నా అంతట నేనే గ్యాసు పొయ్యి కొన్నాను. ఎవరైనా అడిగారా కొనమని?”

“లేదు.”

“ఇప్పుడు పిడికెడు పొగ లేదు. ఐదు వారాల్లో మూడు ఫిర్యాదులు. పొగ పెట్టినన్నాళ్ళూ మంచివాడిని, మానేశాక చెడ్డవాడినా?”

“న్యాయం నన్నడక్కు హబీబీ. నేనడిగింది తాళంచెవి.”

“కాల్చినప్పుడల్లా మీ ఇంటికి ఓ ప్లేటు రాలేదా?”

“వచ్చింది. బాగుంది కూడా. ఆ సాసేజిలో ఏం మసాలా వేస్తావో కనుక్కోమంది మా ఆవిడ.”

“మూడో అంతస్తు పాకిస్తానీ మాస్టారికి పంపలేదా? సిరియా డాక్టరుకు పంపలేదా? హలాల్ కొట్లో కొన్న మాంసమే కదా, ఎవరికేం నొప్పి? వారంలో ఆరు రోజులు నేను ఈ ఊరి మనిషినే. ‘మీ ఆఫ్రికాలో సింహాలు వీధుల్లో తిరుగుతాయా’ అని అడిగితే నవ్వి ఊరుకుంటాను. ఏడో రోజు ఒక్క పూట మా వాళ్ళతో నాలుగు ముక్కలు కాల్చుకుంటే మీ సొమ్మేం పోయింది?”

హుస్సామ్ ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. “ఒకటే దారి. ఫిర్యాదు చేసినవాళ్ళే ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటే తాళంచెవి నీకిచ్చేస్తా.”

“ఎవరు వాళ్ళు?”

“చెప్పకూడదు.”

“హుస్సామ్.”

“నాలుగో అంతస్తు. చివరిది. నేను చెప్పలేదు.”

మొలెఫి నాలుగో అంతస్తుకి వెళ్ళాడు. ఆ ఇంట్లో మంచం పట్టిన అరబ్బు ముసలావిడ ఉంటుందని విన్నాడు. ఆడవాళ్ళే ఉండే ఇల్లని ఎన్నడూ ఆ తలుపు తట్టలేదు, ప్లేటూ పంపలేదు. మర్యాదకి పోతే జరిగిందిదీ అనుకుని బెల్లు గట్టిగా నొక్కాడు.

రోగులను చూసుకునేవాళ్ళు వేసుకునే నీలం కోటులో నల్లటి స్త్రీ తలుపు తీసింది. యాభై దాటి ఉంటాయి. వెనక మంచం మీద ముసలావిడ నిద్రపోతోంది.

“అమ్మా, మేడ మీద కాల్చేది నేనే,” అని అరబ్బీలో మొదలుపెట్టాడు మొలెఫి. “మూడుసార్లు ఫోన్ చేసింది మీరేనా?”

“నేనే.”

ఆ తొణకని జవాబుకి అతని ఒళ్ళు మండింది. కోపం పెరిగే కొద్దీ అరబ్బీ జారిపోయి సొంత భాష, సెసోతో, పైకొచ్చింది. “ఏం పాపం చేశానని? పొగ లేదు, మసి లేదు. గ్యాసు మీద కాలుస్తుంటే కూడా మీకు కళ్ళమంటేనా?”

ఆమె తలుపు ఇంకాస్త తెరిచింది. అదే సెసోతోలో అడిగింది: “నువ్వు ఏ ఊరివాడివి?”

“బ్లూమ్‌ఫోంటీన్.”

“బ్లూమ్‌ఫోంటీన్‌లో పుట్టి గ్యాసు మీద కాలుస్తావా? మీ అమ్మకు తెలుసా ఈ సంగతి?”

“అక్కా...”

“అక్కా లేదు, గిక్కా లేదు. ఈ పెద్దావిడను వదిలి నేను గడప దాటడానికి లేదు. పైనున్నది ఎవరో తెలీదు. అందుకని ఆఫీసుకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచే లోపే ‘మేడ మీద మాంసం కాల్చడం గురించేగా, రాసుకున్నాం’ అని పెట్టేశారు. మూడుసార్లూ అంతే. చెప్పేది విననైనా విన్నారా?”

“ఏం చెప్పాలనుకున్నావక్కా?”

ఆమె వెనక్కి తిరిగి, బార్లా తెరిచి ఉన్న కిటికీ వైపు చెయ్యి చూపించింది.

“రెండేళ్ళు ప్రతి శుక్రవారం అక్కడ కూర్చుని, నీ తుమ్మకట్టె పొగే నంజుకుని ఉత్త సంకటి తిన్నాను తమ్ముడూ. ఐదు వారాలై ముద్ద దిగడం లేదు.”