పిడుగుమేన్ వాళ్ళ నాన్న

"దొరికాడా నానమ్మా?"

అమ్మడు స్కూలు బ్యాగు ఇంకా భుజం మీంచి దించనే లేదు. గుమ్మంలో నిలబడి అడిగేసింది.

లక్ష్మీనరసమ్మ అరుగు మీద కూర్చుని నెత్తళ్ళ చేపల తలలు తుంచుతోంది. తలెత్తకుండానే, "ముందు కాళ్ళు కడుక్కో" అంది.

"కడుక్కోను. సెప్పు. పిడుగుమేన్ వాళ్ళ నాన్న దొరికాడా లేదా?"

శనివారం పదకొండయ్యేసరికి కళింగపట్నంలో పిల్లలందరూ పిడుగుమేన్ కోసం టీవీల ముందుంటారు. ఇవాళే మూడో తరగతికి పరీక్ష పెట్టారు. "నువ్వు సూసి నాకు సెప్పాల, ఒక్క ముక్క ఒగ్గకూడదు" అని పొద్దున్న నానమ్మ చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది అమ్మడు.

"సూసానే తల్లీ. కూకో, సెప్తాను."

"మొదట్నుంచీ సెప్పాల."

"మొదట ఆ ఎర్ర సెడ్డీవోడు మేడ మీంచి దూకాడు. పేంటు మీద సెడ్డీ ఏసుకుని ఊరంతా తిరగతంటే వాళ్ళమ్మ ఒక్క మాటైనా అనదేటే?"

"అది సెడ్డీ కాదు, పవర్ డ్రెస్సు!"

"ఏదో ఒకటి. ఇంతలో ఆ పీత రాక్షసుడొచ్చాడు. ఓలమ్మో, ఏం పీతే! ఒక్కో డెక్క మన పడవంత ఉన్నాది. కూరొండితే మన వీధి వీధంతా రెండ్రోజులు తినొచ్చు. ఆ గుంటడికి ఆ గ్యానం ఏదీ? నిప్పులు కురిపించి మాడ్సి పడేసాడు."

అమ్మడు పకపకా నవ్వింది. బ్యాగు ఒక మూలకి విసిరి, నెత్తళ్ళ చాట పక్కనే చతికిలబడింది.

"తర్వాత?"

"తర్వాత సముద్రంలోకి దూకాడు. బూట్లతోటే! ఈపుకి మూడు గజాల గుడ్డ ఒకటి. మీ తాత బతికుంటే ఈణ్ణి పడవే ఎక్కనిచ్చేవోడు కాదు. ఆ గుడ్డ తడిస్తే మనిషిని కిందకి లాక్కుపోదా?"

"వాడు మునగడు. వాడికి పవరుంటాది."

"మరదే. అడుక్కి పోనాడు. అక్కడ సేపలు మాటాడతన్నాయి. ఒక కోనెం సేప ముందు నడిసి దారి సూపిస్తన్నాది. నలభయ్యేళ్ళు సేపలమ్మాను, ఒక్కటైనా నోరిప్పి నన్నొగ్గేయే అన్లేదు."

అమ్మడు కడుపు పట్టుకుని నవ్వుతోంది. లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకున్న ఈశ్వరి, కూతురి నవ్వుకి ఒకసారి కదిలి, మళ్ళీ అలాగే ఉండిపోయింది.

"వాళ్ళ నాన్న?" నవ్వు ఆపి అడిగింది అమ్మడు. "అక్కడే కదా మునిగిపోనాడు. తెచ్చేసాడా?"

లక్ష్మీనరసమ్మ చేతిలో చేప అలాగే నిలిచిపోయింది.

మధ్యాహ్నం బోటు యజమాని ధనరాజ్ వచ్చి ఇదే అరుగు మీద కూర్చున్నాడు. "పదిహేన్రోజులైపోనాది పిన్నీ. పారాదీప్ దాకా ఎతికాం. రేపట్నుంచి ఎవులూ ఎల్లరు. ఇంక గంగులు రాడనుకో" అన్నాడు. గంగులు ఆమె కొడుకు. అమ్మడికి మాత్రం, బోటు చెడిపోయి మీ నాన్న పారాదీప్‌లో ఉండిపోయాడని చెప్పి ఉంచారు. ఆ పిల్లకి నిజం చెప్పే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"లేదమ్మా" అంది ముసలామె. "దొరకలేదు."

"దొరకలేదా?"

"సముద్రం శానా పెద్దదే తల్లీ. ఎతికాడు, ఎతికాడు. ఎంత పవరుంటే మాత్రం ఏటి సేస్తాడు? ఒడ్డుకొచ్చేసాడు."

"ఒడ్డుకొచ్చి?"

"వాళ్ళమ్మ దగ్గర కూకుని కడుపారా ఏడ్సాడు. ఆనక కూడు తిన్నాడు. మర్నాడు బడికెల్లాడు. అలాగే పెద్దోడైపోతాడు గావాల."

"అబద్ధం! పిడుగుమేన్ ఓడిపోడు. నువ్వు నిద్రపోయుంటావు!"

"ఈ రెండు కళ్ళతో సూసాను."

అమ్మడు లేచి చాటను ఒక్క తన్ను తన్నింది. నెత్తళ్ళు అరుగంతా చెదిరిపోయాయి. ఇంకో రోజైతే వీపు చిట్లేది. ఇవాళ లక్ష్మీనరసమ్మ ఒక్కో చేపనీ ఏరుకుంటూ కూర్చుంది. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు. ముసలామె బతిమాలనూ లేదు. ఏడవనీ, ఆ సెడ్డీవోడి పేరు మీదైనా కొంత ఏడుపు ముందే అయిపోనీ అనుకుంది.

మర్నాడు ఆదివారం. అమ్మడు పొద్దున్నే ఆడుకోవడానికి పోయింది. లక్ష్మీనరసమ్మ కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక జరగాల్సిన కార్యాలు ఎప్పుడు, ఎలాగో మెల్లగా చెబుతోంది. ఈశ్వరి తన చేతి గాజులే చూసుకుంటోంది.

వీధి చివర్నుంచి కేక వినబడింది.

"నానమ్మా! వచ్చేసాడు! నాన్న వచ్చేసాడు!"

ఈశ్వరి లేచిన విసురుకి పీట బోర్లా పడింది. చీర కాళ్ళకి అడ్డం పడుతున్నా ఆగకుండా పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి ముసలామె కూడా వెనకే పరుగు తీసింది. ఒకచోట ఇసకలో పడింది, లేచింది. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి.

ఈశ్వరి కూతురి రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "ఏడే? ఏడే మీ నాన్న? ఎవులు సూసారు?"

అమ్మడు రొప్పుతోంది. దాని ముఖం వెలిగిపోతోంది.

"నేనే సూసానమ్మా! అనూరాధ వాళ్ళింట్లో టీవీలో మళ్ళీ ఏసారు. పిడుగుమేన్ భుజం మీద ఎత్తుకుని మరీ తెచ్చేసాడు. నిన్న నానమ్మే అబద్ధమాడింది!"