కప్పల మెప్పూ, గేదె స్నానమూ

చెరువు గట్టున ఈతచెట్టుకి ఓ కుర్ర గిజిగాడు తన మొదటి గూడు మొదలుపెట్టాడు. తొలకరిలోగా అల్లకపోతే ఆ ఏడంతా తడవాల్సిందే. అయినా ఒక పచ్చిపోచ ముడివేయడం, కిందికి వాలి కప్పల్ని "ఎలా ఉంది?" అని అడగడం, ఇదీ వాడి వరస. "భేషు, భేషు!" అనేవి కప్పలు. రాలిన ఆకుకీ అవి అదే అనేవి. ఆ మెప్పు విని తిరిగొచ్చేసరికి తెచ్చుకున్న పోచలన్నీ ఎండి పుటుక్కున తెగేవి.

మబ్బు పట్టిన రోజు పొద్దున్నే గేదె చెరువులో దిగింది. గేదె స్నానం సంగతి మీకు తెలియనిదేముంది, దిగడమేగాని లేవడం ఉండదు. కప్పలన్నీ అవతలి గట్టుకి గెంతిపోయాయి.

"నా కప్పల్ని తరిమేశావేం, పెద్దమ్మా!" అని గిజిగాడు మొత్తుకున్నాడు. గేదె చెవి మాత్రం ఆడించింది. ఇక ఏం తోచక వాడు అల్లుతూ కూర్చున్నాడు. పచ్చిగా ఉండగానే పోచ మీద పోచ ముడిపడింది. సాయంత్రానికి గూడు తల దాచుకునేంత అయింది. అంతలో వాన దంచింది.

వాడు పొడిగా కూర్చుని తల బయటపెట్టాడు. "నీ మేలు మరిచిపోను, పెద్దమ్మా."

"ఉక్కపోసి దిగాన్రా అబ్బాయ్, నీకోసమా ఏమన్నా!"

"అయినా సరే. ఇంకా గుమ్మం అల్లాలి. రేపు కూడా దిగవూ?"