బాక్సు లేని వాపసు

"బాక్సు లేకపోతే వాపసు తీసుకోవడం కుదరదమ్మా."

కొరియర్ ఆఫీసు రిటర్న్ కౌంటర్లో కూర్చున్న క్లర్కు ఆ మాట కంప్యూటర్‌తో చెబుతున్నట్టు చెప్పాడు. ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ వైపు చూడలేదు.

పెద్దావిడ గుడ్డసంచిలోంచి మెషిన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. మోకాలికి చుట్టుకునే పట్టీ, దానికో వైరు, చిన్న స్విచ్చు. నొప్పి ఉన్నచోట వేడి పెట్టే మెషిన్ అది. వైరును పొందిగ్గా చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. పట్టీని తడిగుడ్డతో తుడిచి మరీ తెచ్చింది.

"బాక్సు లేదు బాబూ. మెషిన్ మాత్రం చెక్కు చెదరలేదు."

"బిల్లు?"

"లేదు."

"ఆర్డర్ నంబరు?"

"అదీ లేదు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ చెవులు వేడెక్కాయి. వరుసలో ఉన్న పదిమంది చేతుల్లోనూ అట్టపెట్టెలున్నాయి, ఎక్కడి స్టిక్కరు అక్కడే. గుడ్డసంచితో వచ్చింది ఆవిడొక్కతే.

"వాడారా పెద్దమ్మా?" మిక్సీ పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకున్న ఒక లావుపాటాయన అడిగాడు.

"తొమ్మిది రోజులు వాడాను."

"పని చెయ్యట్లేదా?"

"భేషుగ్గా పనిచేస్తోంది నాయనా. మెట్లెక్కగలుగుతున్నాను."

"మరి వాపసెందుకు?"

ఈసారి అందరూ నవ్వారు. "అవసరం తీరిందిగా, ఇచ్చేస్తోంది. ఈ తెలివి మనకు లేకపోయిందే!" అంది ఇంకొకావిడ.

పెద్దావిడ మనిషంతా ముడుచుకుపోయింది. 

క్లర్కు ముఖం కందిపోయింది. "ఇంటికెళ్లమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇక్కడ నిలబడి అల్లరిపాలు కావద్దు."

"నాకు డబ్బులొద్దు బాబూ. దీన్ని తీసుకో చాలు. ఎక్కడిదక్కడ పెట్టెయ్."

"అలా కుదరదని చెప్పానా? ప్రతి వస్తువుకీ ఒక నంబరుంటుంది, లెక్కుంటుంది. పక్కకి జరగమ్మా. తర్వాత ఎవరు, రండి."

ఆవిడ జరగలేదు. రెండు చేతులతో కౌంటర్ అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

నవ్విన మిక్సీ ఆయనకే జాలేసింది. "అలా కసురుకుంటావేమయ్యా? ఇంట్లో పెద్దవాళ్లు లేరా నీకు?"

క్లర్కు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. తీస్తున్నాడు, పెడుతున్నాడు.

గొడవ విని లోపలి గదిలోంచి సూపర్‌వైజర్ వచ్చాడు. మెషిన్‌ను తిరగేసి వెనకున్న నంబరు చదివాడు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివాడు. లోపలికెళ్లి, ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి మెషిన్ పక్కన పెట్టాడు. దాని మీదా అదే నంబరు.

"బాక్సు మీ దగ్గరెలా ఉంటుంది? మా దగ్గరుంటేనూ!" అన్నాడు.

వరుసలో నవ్వులు ఆగిపోయాయి.

అది ఎవరో కస్టమర్ వాపసిచ్చిన మెషిన్. పదిరోజుల క్రితం ఈ ఆఫీసు నుంచి గోడౌన్‌కి వెళ్లిన పెట్టెను అక్కడ విప్పి చూస్తే ఖాళీ; అలాగే తిప్పి పంపారు. పెట్టెకు టేపు వేసింది ప్యాకింగ్ చేసే ఆవిడ. కాబట్టి నింద ఆవిడ మీద పడింది. ఇంకొక్క రోజే పని, తర్వాత రానక్కర్లేదని నిన్ననే స్టాఫ్ అందరి ముందూ చెప్పేశారు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిన ఆవిడ, గోడవార బల్ల దగ్గర ఆఖరి రోజు పెట్టెలకు టేపు చుడుతోంది.

సూపర్‌వైజర్ అటు తిరిగాడు. "ఈ పెద్దావిడ నీకేమవుతుంది? నువ్వు తియ్యడం, ఆవిడ వాడుకోవడం. ఇప్పుడు భయమేసి పంపించావా?"

ప్యాకింగ్ ఆవిడ చేతిలోంచి టేపు చుట్ట జారి దొర్లుకుంటూ పోయింది. "నా పిల్లల మీదొట్టు సార్! ఈవిడెవరో కూడా నాకు తెలీదు."

"ఆ అమ్మాయిని ఏమీ అనకండి," అంది పెద్దావిడ. "దానికేమీ తెలీదు. నేనే తీశాను."

"మీరా? వాపసు సామాన్ల గది తాళం మా స్టాఫ్ దగ్గరుంటుంది. లోపలికెలా వచ్చారు?"

"వచ్చాను. తీశాను. నొప్పి ఓర్చుకోలేక తీశాను. ఇంకా ఏం చెప్పమంటారు?"

ఆవిడ చూపులు నేలమీదే ఉన్నాయి. వరుస ఒకడుగు వెనక్కి జరిగింది. మిక్సీ ఆయన ముఖం తిప్పుకున్నాడు. "ఈ వయసులో ఇదేం బుద్ధి!" అన్నారెవరో. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అయినా చేసింది తను కాదని అనలేదు.

"పోలీసులకి ఫోన్ చెయ్యి," అన్నాడు సూపర్‌వైజర్ క్లర్కుతో.

క్లర్కు ఫోన్ అందుకున్నాడు. ఒక్క అంకె నొక్కాడు. వేలు ఆగిపోయింది.

పెద్దావిడ మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "చెయ్యి నాయనా, ఫర్వాలేదు," అంది మెల్లగా.

క్లర్కు ఫోన్ పెట్టేసి, కౌంటర్ తలుపు తోసుకుని బయటికొచ్చి, అందరి ముందూ ఆవిడ పక్కన నిలబడి, "తీసింది నేను సార్, ఈవిడ మా అమ్మ" అన్నాడు.