ల్యాబ్‌లో తేలిన మాట

"ఇది నకిలీ మందు కాదమ్మా. మళ్లీ చూడు," అన్నారు లెక్చరర్ వేణుగోపాల్ గారు, కంప్యూటర్ తెర మీది గ్రాఫ్ చూపిస్తూ.

భానుశ్రీ ఒప్పుకోలేదు. "నకిలీదే సార్. మా నాన్న ఎన్నిసార్లు కొట్టినా మిరపలో నల్లతామర పురుగు చావలేదు. పూతంతా రాలిపోయింది."

గుంటూరులో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదువుతోందామె. పదార్థంలో ఏముందో గ్రాఫ్ గీసి చూపే ఎన్.ఎమ్.ఆర్. ప్రాక్టికల్‌కి ఎవరి నమూనా వాళ్లే తెచ్చుకోమంటే, పొదిలి దగ్గర తమ చేలో కొట్టే పురుగుమందు చిన్న సీసాలో పట్టుకొచ్చింది.

"అలవాటు పడ్డ పురుగు అసలు మందుకైనా చావదు. గ్రాఫ్‌లో పైకి లేచిన ఈ పీక్ చూడు. ఒక్కటిగా ఉండాల్సింది రెండుగా చీలింది. దగ్గర్లో ఈ మందులో ఉండే ఫాస్ఫరస్ ఉంది కాబట్టే ఆ చీలిక. డబ్బా మీద రాసిన మందే ఇది."

భానుశ్రీ ఆ రెండు గీతల మధ్య దూరం తనే కొలిచింది. పుస్తకంలో ఉన్నంతే వచ్చింది. ఆమె ముఖం పాలిపోయింది. అక్కడే నిలబడి తండ్రి గురవయ్యకి ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వన్నట్టే అది మందు కాదు. వాసనకి ఏదో కలిపిన ఉత్త నీళ్లు. మా ల్యాబ్‌లో తేలింది."

గురవయ్య రెట్టించి అడిగాడు.

"నిజమేనా అమ్మా?"

"నిజం నాన్నా."

ఫోన్ పెట్టేశాక వేణుగోపాల్ గారు ఆమె వంకే చూశారు. "ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?"

"పంట పోయిన కాడి నుంచీ నాన్న ఆ డబ్బా మంచం పక్కనే పెట్టుకుంటున్నాడంట సార్. నిన్న మూత తీసి కూర్చుంటే అమ్మ లాక్కుందంట. తాగినా చావు రాదని తెలిస్తే ఇక దాని జోలికి పోడు."

ఆయన తెర ఆపేశారు.

మధ్యాహ్నం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పక్క చేను రైతు కోటేష్.

"అమ్మాయ్, ఉన్నపళాన బయల్దేరు. మీ నాన్న..."

"మళ్లీ చావాలనుకున్నాడా బాబాయ్?"

"చావాలని కాదమ్మా. నీ ఫోన్ వచ్చిన కాడి నుంచీ మనిషి హుషారుగానే ఉన్నాడు. మీ అమ్మ దగ్గర డబ్బా తీసుకుని పురుగుమందుల షాపోడి మీదికి పోట్లాటకి పోయాడు. వాడేమో మందు అసలుదేనన్నాడు. 'నా కూతురు పరీక్ష చేసి చెప్పిందిరా, ఇది ఉత్త నీళ్లే' అని, అందరూ చూస్తుండగా డబ్బా ఎత్తి తాగేశాడు."