తోడల్లుళ్ల రంగులు

చిన్నల్లుడి రేకు మీద టేపు రవ్వంత వెడల్పుగా ఉంది. అది చూడగానే పెద్దల్లుడి ఒళ్లు భగ్గున మండింది.

మిట్టమధ్యాహ్నం కంపెనీ డాబా మీద నిలబడి ఉన్నాడతను. నిజానికి రంగులు కలిపేవాళ్లు పైకి రాకూడదు. అక్కడంతా టెస్టింగ్ మేడమ్ రాజ్యం. వాటర్ ట్యాంకు నిండిందో లేదో చూసొస్తానని బొంకి మెట్లెక్కాడు. ఇనప స్టాండు మీద, ఎండకు ఎదురుగా, ఏటవాలుగా రెండు రేకులు. ఒకదాని మీద పెద్దల్లుడు కలిపిన ఇటుక ఎరుపు. రెండోదాని మీద చిన్నల్లుడు కలిపిన లేత నీలం. రెండూ ఇళ్ల బయటి గోడలకు వేసే రంగులే. ఎండకూ వానకూ ఏది ఎక్కువ నిలబడితే, దాన్ని కలిపినవాడికే హెడ్ మిక్సర్ కుర్చీ. ఒకే ఇంటి అల్లుళ్లు, ఒకే గదిలో ఉద్యోగాలు. ఆ కుర్చీ కాస్తా చిన్నవాడికి పోతే, ఇక పెద్దవాడు అత్తారింట్లో తలెత్తుకునేదెలా?

రెండు రేకులకూ ఒక పక్కన వెండిరంగు టేపు అంటించి ఉంది. పెద్దల్లుడు వంగి వేలుతో కొలిచాడు. అనుమానం లేదు, వాడిదే వెడల్పు.

“అదీ సంగతి!” అని పళ్లు కొరికాడు. “టేపు ఉన్నచోట ఎండ తగలదు. వాడికేమో ఎక్కువ, నాకేమో తక్కువ! మామగారికి వాడే ముద్దు. మా ఆవిడకీ వాడే బుద్ధిమంతుడు. ఇప్పుడు మేడమ్ కూడా వాడి వైపేనా?”

చర్రున నీలం రేకు మీది టేపు పీకేశాడు.

“మాడు! నిలువునా మాడి చావు!” అని దాన్ని నోరారా తిట్టాడు. తన రేకు టేపును మాత్రం చంటిపిల్లకు దుప్పటి కప్పినట్టు మెత్తగా నొక్కి, దాని మీదే ఇంకో వరస అంటించాడు. అప్పటికి గానీ కడుపుమంట కాస్త చల్లారలేదు.

ఆ ఎండాకాలమంతా, ఆ పైన వానాకాలమంతా అదే తంతు. మేడమ్ నెలకోసారి పైకెళ్లి రేకులు చూసేది. ఆవిడ వెళ్లే ముందురోజు నీలం రేకుకు టేపు అంటించడం, ఆవిడ దిగగానే మళ్లీ పీకడం. కంపెనీలో వాటర్ ట్యాంకు మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి ఇంకొకడు పుట్టలేదు.

ఒకరోజు ఇంట్లో అన్నం వడ్డిస్తూ భార్య అంది, “మా చెల్లి ఫోన్ చేసిందండీ. వాళ్లాయనకి కంటి మీద కునుకు లేదట. తన రంగు ఏమైపోతోందోనని ఒకటే దిగులట, పాపం.”

“అయ్యో, పాపం!” అన్నాడు. ఆ పూట మారు అడిగి మరీ తిన్నాడు.

ఫలితం చెప్పే రోజు వచ్చింది. మేనేజరు బల్ల మీద రెండు రేకులూ పెట్టారు. నీలం ఉతికి ఉతికి అరిగిన చొక్కాలా పాలిపోయి ఉంది. పక్కన ఎరుపు కాస్త మాసినా ఎరుపులాగే ఉంది. పెద్దల్లుడికి నవ్వు ఆపుకోవడం పెద్ద పనైంది.

“ముందొక మాట,” అన్నాడు మేనేజరు. “వీటి మీద ఎవరైనా చెయ్యి వేశారా?”

“ఎవరేస్తారండీ!” ఎవరూ నోరు తెరవకముందే పెద్దల్లుడు అందుకున్నాడు. “ట్యాంకు చూడ్డానికి రోజూ పైకెళ్లేది నేనే కదా. పిట్ట కూడా వాలలేదు. నాదీ పూచీ.”

“తర్వాత మాట మార్చకూడదు మరి.”

“మార్చితే చెప్పుతో కొట్టండి.”

చిన్నల్లుడు తల వంచుకుని దగ్గరికొచ్చాడు. “అన్నయ్యా, కుర్చీ నీదేలే. నా రంగు వెలిసిపోయిందని నాకే తెలుస్తోంది.”

“ఊరుకో తమ్ముడూ, బాధపడకు,” పెద్దల్లుడు అతని వీపు నిమిరాడు. “నా కింద పనిచేస్తే నువ్వూ నేర్చుకుంటావు.” ఇన్నాళ్ల తర్వాత తోడల్లుడి మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది.

“ఆగండాగండి, అప్పుడే పంచేసుకుంటున్నారేమిటి?” అంది మేడమ్. “కంటితో చూసి చెప్పేదానికి నేనెందుకు? అప్పటి రంగు ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరి కంటికి గుర్తుంటుంది?”

ఆవిడ ఎర్ర రేకు టేపు తీసింది. కింద రంగు నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది. టేపు లేని పక్క ఎరుపు దాని ముందు చిన్నబోయింది.

“రంగు దిగింది, కానీ మరీ ఎక్కువేం కాదు,” అంది.

“చెప్పానా! ఇక ఆ రెండోది కూడా తియ్యండి, తేలిపోతుంది,” అని పెద్దల్లుడు తొందరపెట్టాడు. కుర్చీలో ఎలా కూర్చోవాలో కూడా అప్పటికే అనుకుని పెట్టుకున్నాడు.

మేడమ్ నీలం రేకు టేపు తీసింది. చూసింది. రేకును కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. మేనేజరు కూడా లేచి వెళ్లి వంగి చూశాడు.

“ఏమిటమ్మా ఇది? టేపు ఎక్కడిదాకా ఉండేదో గీత కూడా కనపడదేం?” అన్నాడు.

“టేపు అంటించేదే మొదటి రంగును ఎండ తగలకుండా దాచి, ఎండలో ఉన్నదానితో పోల్చి చూడ్డానికి కదండీ. ఇక్కడ వెంట్రుకవాసి తేడా కూడా లేదు, అంటే రంగు అసలు దిగనే లేదన్నమాట! ఎవరూ ముట్టుకోలేదని అన్నగారే పూచీ పడ్డారు కాబట్టి ఇక అనుమానమెందుకు, కుర్చీ తమ్ముడుగారిదే!”